దర్జీల సందులోంచి వెళ్ళే వ్యాను

కూరగాయల వ్యాను యజమాని పొద్దున్నే భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచి, స్టీరింగు పక్కనున్న దేవుడి పటానికి దండం పెట్టుకుంటే గానీ బండి కదిపేవాడు కాడు. దారిలో నడవలేక నడుస్తున్న ముసలివాళ్ళు కనబడితే ఊరికే ఎక్కించుకునేవాడు కూడా. బీమా మాటెత్తితే మాత్రం కస్సుమనేవాడు. "పైవాడు చూసుకుంటాడు. మధ్యలో కంపెనీవాడి మొహాన డబ్బు కొట్టడం దేనికి?" పెద్దరోడ్డు మీద పోలీసులు బీమా కాగితం అడుగుతారని రోజూ దర్జీల సందులోంచే దూరేవాడు. ఆ ఇరుకులోనే ఒకనాడు మలుపు తిప్పబోయి, అరుగు మీద కుట్టుకుంటున్న దర్జీ కుడిచేతిని గోడకేసి నలిపేశాడు. కేసు పడింది, బండి స్టేషనుకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళితే, దర్జీ భార్య గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ చెయ్యి ఇక సూది పట్టదట. బీమా ఉంటే కంపెనీవాళ్ళనన్నా అడిగేవాళ్ళం. నీ దగ్గరేముందని అడగాలి?"

"దేవుడు చూస్తాడమ్మా," అన్నాడు అలవాటుకొద్దీ.

"చూశాడు! పోలీసులకు జడిసి నువ్వు రోజూ మా సందులోకి తిప్పడం కూడా చూశాడు. ఫో!"

లోపల్నుంచి దర్జీ నీరసంగా, "ఎండన పడి వచ్చాడు, కాసిని మంచినీళ్ళివ్వవే," అన్నాడు.

ఆమె గ్లాసు తెచ్చింది. అతను చాపిన చేతికి ఇవ్వకుండా గడప మీద పెట్టి, తలుపేసుకుంది.