ముందు మీది చెప్పండి

పళ్ళ డాక్టరుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరేం అడిగినా "ముందు మీది చెప్పండి" అంటాడు. తనే అడగాల్సి వస్తే మాత్రం, ముందు తనది చెబుతాడు.

బస్సులో కండక్టరు "ఎక్కడిదాకా?" అంటే "మీరెక్కడిదాకా?" అంటాడు. అతను ఆఖరి స్టాపు అని చెప్పాకే టికెట్టు తీసుకుంటాడు. క్లినిక్‌లో పిల్లలు ఏడుస్తూ కుర్చీ ఎక్కగానే వాళ్ళ చేతికి చిన్న అద్దమిచ్చి, ముందు తనే నోరు తెరుస్తాడు.

"చూడండి డాక్టరుగారూ, ఎలా ఉన్నాయి నా పళ్ళు?"

ఆరేళ్ళ పిల్ల కళ్ళు తుడుచుకుని, లోపలికి తొంగిచూసి, "రెండు పుచ్చాయి. చాక్లెట్లు మానెయ్యండి" అంటుంది.

"అలాగేనండీ. ఇప్పుడు మీది."

ఆయన కూతురు చదివే బడిలో క్లాసు టీచరుకు ఈ జబ్బు సంగతి ఆలస్యంగా తెలిసింది. పిల్లల వివరాలన్నీ ట్యాబ్‌లో ఎక్కించమని ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. ఎత్తు, బరువు, ఇంటి ఆదాయం, జబ్బులు, అలవాట్లు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. బడి మారినా, కాలేజీలో చేరినా, ఉద్యోగానికెళ్ళినా ఆ నంబరు వెంట వస్తుంది.

"డాక్టరుగారూ, పాప బరువు?"

"ముందు మీది చెప్పండి."

టీచరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"మీ ఇంట్లో?"

అరగంట తర్వాత టీచరు లేచేసరికి ఆవిడ అత్తగారి సంగతులన్నీ డాక్టరు దగ్గరున్నాయి. పాప సంగతి ఒక్కటీ ట్యాబ్‌లో లేదు. ఇంటికి వెళ్తూ టీచరు భయపడింది. కానీ ఆ మాటలు ఎక్కడా పొక్కలేదు. అప్పుడు ఆవిడకు తోచింది: ఊళ్ళో సగం మంది గుట్టు ఈ మనిషి దగ్గరుంది. అయినా ఎవరి నిద్రా చెడలేదు.

నిద్ర పట్టనిది బట్టలు కుట్టే ఆవిడకు. 'అలవాట్లు' అన్న గడి దగ్గర, తన కొడుకు పదేళ్ళొచ్చినా పక్క తడుపుతున్నాడని ఆ తల్లి దాపరికం లేకుండా చెప్పింది. టీచరు ఎక్కించేసింది. వారం తిరక్కుండా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"అది తీసెయ్యండి టీచరమ్మా. వాణ్ణి హాస్టల్లో చేర్చాలి. అక్కడివాళ్ళకి కనబడుతుందట. తోటి పిల్లలు వాణ్ణి బతకనిస్తారా?"

టీచరు చాలా తంటాలు పడింది. ట్యాబ్ మింగుతుందిగానీ కక్కదు. తీయాలంటే అధికారి అనుమతి కావాలి. అనుమతికి కారణం రాయాలి. రాస్తే ఆ కారణం కూడా ఎక్కుతుంది.

ఆ అధికారే తల్లిదండ్రుల సమావేశానికి వచ్చాడు. బడి మొత్తంలో ఒక్క వరస నిండక, ట్యాబ్‌లో ఎర్రగా మిగిలిందట. పళ్ళ డాక్టరు కూతురిది.

"అంతగా దాచాల్సిందేముందండీ? చిన్నపిల్లల అలవాట్లేగా, చెబితే పోయేదేముంది?" అన్నాడు అధికారి.

వెనక వరసలో బట్టలు కుట్టే ఆవిడ సంచి పట్టీని వేలికి చుట్టి బిగిస్తోంది. టీచరు అటు చూడలేకపోయింది.

డాక్టరు లేచాడు. ఇక ఆ మాట వస్తుందని హాలంతా ముందే నవ్వుకుంది. రాలేదు.

"నిజమేనండీ. నాది నేనే చెబుతాను. పన్నెండేళ్ళొచ్చేదాకా నేను పక్క తడిపేవాణ్ణి."

హాలు ఘొల్లున నవ్వింది.

"దుప్పటి ఆరేస్తూ మా అమ్మ, 'ఇవాళ మావాడు ప్రపంచపటం వేశాడు' అనేది. దీవులతో సహా. అప్పుడు ట్యాబ్ లేదు, ఆ పటం ఎక్కడా ఎక్కలేదు. అందుకని మీరంతా నా ముందు ధైర్యంగా నోరు తెరుస్తున్నారు." డాక్టరు అధికారి వైపు తిరిగాడు. "ఇక మీది చెప్పండి సార్."

నవ్వు ఆగిపోయింది. అధికారి కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. డాక్టరుతోపాటు తన పనీ అయిపోయిందనుకుంది టీచరు.

"ఎనిమిదో తరగతిదాకా" అన్నాడు అధికారి.

అంత పెద్దమనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగా టీచరు ఎప్పుడూ వినలేదు.

"మా ఆయన నిద్రలో నడుస్తాడు సార్!" అంది ముందు వరసలో ఒకావిడ.

"ఏయ్, నోర్ముయ్!" అన్నాడు పక్కనున్నాయన.

హాలుతోపాటు అధికారీ నవ్వాడు. "టీచరుగారూ, ఆ అలవాట్ల గడి ఖాళీ చేసెయ్యండి. ఈ బడిలో అందరిదీ. కారణం అడిగితే నేను చెప్పుకుంటాను."

గేటు దగ్గర టీచరు డాక్టరు భార్య చేయి పట్టుకుంది. "అంతమందిలో ఎంత ధైర్యమండీ మీవారికి!"

"ధైర్యమా పాడా! ఈయన చిన్నప్పటి ముచ్చట్లు మా అత్తగారు నాకు చెప్పనివంటూ లేవు. వాటిలో తడి దుప్పటి ఊసే లేదు."

స్కూటరు తాళం వెతుక్కుంటున్న డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం చెయ్యమంటారు? ఒక పిల్లాడు నా కుర్చీలో కూచుని, 'అంకుల్, పళ్ళు కాక ఇంకేమైనా బాగుచేస్తారా?' అనడిగాడు."

ఎవరని టీచరు అడగలేదు. ఆ పిల్లాడెవరో ఆయనా చెప్పలేదు.

మర్నాడు ప్రార్థన కాగానే బట్టలు కుట్టే ఆవిడ కొడుకు టీచరు పక్కకు వచ్చి నిలబడ్డాడు. అమ్మ అంతా చెప్పినట్టుంది. వంగమని సైగ చేసి, ఆవిడ చెవిలో గుసగుసలాడాడు.

"టీచర్, డాక్టరంకుల్‌కి పన్నెండేళ్ళదాకా. ఆఫీసరు సార్‌కి ఎనిమిదో క్లాసుదాకా. నాకింకా పదే కదా. ఇప్పుడు మానేస్తే నేనే ఫస్టు!"