బాడీలో ఫోటో

మెయిల్ తెరవగానే ఫోటో ఎదురైతే నాకు ఇప్పటికీ రోత. విడిగా జతచేసిన ఫోటోతో నాకు పేచీ లేదు, అది ఒక మూల క్లిప్పు గుర్తు పెట్టుకుని కూర్చుంటుంది, పిలిస్తేనే వస్తుంది. నేను చెప్పేది రెండు పేరాల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చునే ఫోటో గురించి. పండక్కి దీపాల బొమ్మ కావచ్చు, ఇళ్ళు అమ్మేవాళ్ళ ఈతకొలను కావచ్చు, కంటపడిందంటే చాలు, నా చెయ్యి దానంతటదే డిలీట్ మీదికి పోతుంది. ఇదేం చాదస్తమని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. కరువు పల్లెల్లో చెక్‌డ్యాములు కట్టించడం, పంట పోయినవాళ్ళకు వేరుశనగ విత్తనాలు ఇప్పించడం ఆ సంస్థ పని. దాన్నంతా ఇంగ్లీషులో రాసి విదేశాల్లో ఉండే దాతలకు మెయిల్ పంపడం నా పని. ఆఫీసంటే రెండు గదులు, ఒక కంప్యూటరు, ఒక ఫోను. రెంటికీ ఒకటే లైను. మెయిల్ పోతున్నప్పుడు ఎవరైనా ఫోను ఎత్తితే మెయిల్ తెగిపోయేది, మళ్ళీ మొదటినుంచి పంపాలి.

సంస్థ నడిపే మా సార్ ఈ జిల్లావాడే. చెడ్డవాడని ఒక్క మాటలో కొట్టిపారేస్తే నాకు సులువైపోతుంది, కానీ ఆయన కట్టించిన చెక్‌డ్యాముల్లో నీళ్ళు నిలిచిన మాట నిజం. కాకపోతే దాతల పేరెత్తితే ఆ మనిషి వేరే మనిషి అయిపోయేవాడు. వాళ్ళ తరఫున ఢిల్లీలో ఒక మేడమ్ ఉండేది. ఒకరోజు ఆమె ఫోన్ చేసి, మీరు జతచేసే ఫోటోలు ఎవరూ తెరవడం లేదని, వైరస్ వస్తుందని భయపడుతున్నారని, ఇకమీదట ఫోటోలన్నీ మెయిల్ బాడీలోనే, అంటే రాత మధ్యలోనే ఉండాలని చెప్పింది. మెయిల్ విప్పగానే కంటికి కొట్టాలట.

ఆ విద్య నేర్చుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. మొదటిసారి పంపినప్పుడు ఢిల్లీలో కనిపించింది ఖాళీ గళ్ళు, వాటిలో ఎర్రటి ఇంటూ గుర్తులు. ఫోటోలు మా మిషన్లోనే ఉండిపోయి, వాటి చిరునామా మాత్రం పోయిందన్నమాట. ఆ తర్వాత ఫోటోనే లోపల పొదగడం తెలిసింది. బరువు తగ్గించడం, మూల పట్టుకుని సైజు మార్చడం, నల్ల గీత చుట్టడం, అన్నీ వచ్చాయి. నా పక్కన కుర్చీ వేసుకుని సార్ అన్నీ చూస్తూ ఉండేవాడు.

అప్పటినుంచి ఆయనకు ఫోటోల పిచ్చి పట్టింది. రాత తగ్గించు, ఫోటో పెంచు అనేవాడు. గొర్రెలు కాసే ఒకాయన నవ్వుతూ ఉన్న ఫోటో ఎంతో బాగా వస్తే, నవ్వేది వద్దని తీసేయించాడు. ఇంకొకసారి ఒక ముసలామె ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టుకుని వస్తుంటే ఆపించి, ఆ బిందె బోర్లించి, ఖాళీ బిందెతో నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆ ఎండలో ఆ నీళ్ళు ఒంపించడానికి చెయ్యెట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ ఫోటో మెయిల్లో పెడుతుంటే ఒళ్ళు మండింది. దాని కింద ఆయన చెప్పి రాయించిన వాక్యం, ఈమె నీళ్ళ కోసం ఎదురుచూస్తోంది అని.

ఇప్పుడు బాడీ అనే మాట గురించి చెప్పాలి. మా వైపు ఆ మాట ఎవరికీ కొత్త కాదు. లారీకి బాడీ కట్టిస్తారు. ఆడవాళ్ళు రవిక లోపల తొడుక్కునేదీ బాడీయే. ఈ రెండూ కాకుండా ఎవరైనా బాడీ అన్నారంటే అది శవం. ఆసుపత్రివాళ్ళు బాడీ ఇస్తారు, పోలీసులు బాడీకి పంచనామా రాస్తారు, బాడీని ఊరికి చేర్చే వ్యానుకు బేరాలు జరుగుతాయి. మనిషికి ఊపిరి ఆగీ ఆగకముందే పేరు పోయి బాడీ మిగులుతుంది. మెయిల్‌కు కూడా ఒక బాడీ ఉంటుందని ఆఫీసులో కూర్చునే మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ముఖ్యంగా మా ఫీల్డన్నకు తెలియదు. శింగనమల వైపు పల్లెలన్నీ ఆయనే చూసేవాడు, మోపెడ్ మీద, సంస్థ కెమెరాను టవల్లో చుట్టి సంచిలో పెట్టుకుని. ఒక ఉదయం ఏదో ఊరి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన చేసింది ఆ ఊర్లో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడని చెప్పడానికి. లైను గరగరలాడి, సార్‌కు రైతు అనే మాట ఒక్కటే వినిపించింది. సార్ మనసంతా ఆ వారం మెయిల్ మీద ఉంది. పోయినసారి ఫోటోలన్నీ దూరం నుంచి తీసి పనికిరాకుండా చేశాడని కోపం కూడా ఉంది. నా పక్కనే నిలబడి ఫోన్లోకి అరిచాడు.

"ఈ తూరి బాడీలో పెట్టే ఫోటో కావల్లప్పా. బాడీ లేకుంటే వాళ్ళు చూడరు. దగ్గర్నించి తీ, మొగం బాగా కనపడల్ల."

నాకు అందులో ఏ తప్పూ వినిపించలేదు. రోజూ మేము మాట్లాడుకునే మాటలే. ఫీల్డన్నకు మాత్రం చావు కబురు చెప్పిన వెంటనే వచ్చిన జవాబు అది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన వచ్చి కెమెరా నా బల్ల మీద పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. ఇట్లాంటి పని ఇంక నాకు చెప్పొద్దండి సార్ అన్నాడు. ఎట్లాంటి పని అని సార్ అడుగుతుండగానే నేను కేబుల్ తగిలించాను. తెర నిండా ఒక మొహం వచ్చింది. కప్పిన గుడ్డ పక్కకు లాగి ఉంది, ముక్కులో దూది ఉంది. గుడ్డ అంచును ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని ఉంది, ఇంకా గాజులతో. సార్ వెనక్కి జరిగి నిలబడ్డాడు.

సంగతి తేలడానికి కాసేపు పట్టింది. మెయిల్ బాడీ అంటే ఏమిటో నేను చెబుతుంటే ఫీల్డన్న తల గోడకు ఆనించి కూర్చుండిపోయాడు. పైవాళ్ళు అడిగినారని ఆయన చెబితే, పైవాళ్ళంటే సర్కారు అనుకుని చనిపోయినాయన భార్య ఒప్పుకుందట. పిల్లల్ని పక్కింటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, తనే గుడ్డ తీసి చూపించిందట. అప్పుడు ఆమె ఒకే ఒక్కటి అడిగింది. ఫీల్డన్న దాన్ని ఆమె మాటల్లోనే మాకు చెప్పాడు.

"అడిగినోళ్ళు ఒక తూరి చూసి తీసేయల్లన్నా. ఈ మొగం ఇంకెవురూ చూడకూడదు. ఆయప్ప నవ్వే మొగమే అందరికీ గుర్తుండల్ల."

సార్ తల పట్టుకుని తీసేయమ్మా అన్నాడు. నా వేలు మౌస్ మీదే ఉంది. నేను డిలీట్ నొక్కేలోపల ఆయన మళ్ళీ తెర వైపు చూశాడు. చూసి, ఉండు అన్నాడు.

ఆ ఉండు అన్న గొంతు ఎట్లాంటిదో నాకు బాగా తెలుసు. సంతలో ఎద్దు పళ్ళు చూసినవాళ్ళు అట్లా అంటారు. ఆయన వంగి ఆ మొహాన్ని పరకాయించి చూశాడు. ఇది చూస్తే ఎవరికైనా కండ్లల్లో నీళ్ళు తిరుగుతాయని, ఎన్ని ఊర్లకు మేలు జరుగుతుందో ఆలోచించమని, పోయినాయనకు ఇప్పుడు వచ్చే నష్టమేముందని మొదలుపెట్టాడు. నష్టం ఆయనకు కాదు ఆమెకని, చూపించడానికి ఇది మన సొత్తు కాదని నేనన్నాను. నేను పెట్టనని కూడా చెప్పాను. ఫీల్డన్న లేచి నిలబడి, ఆమెకు నేను మాటిచ్చినాను సార్ అన్నాడు.

"నువ్వు ఇచ్చినావు," అన్నాడు సార్. "నేను ఇయ్యలేదు కదప్పా."

ఇంత నీచమైన మాట అంత నెమ్మదిగా చెప్పగలరని నాకు అంతవరకు తెలియదు. నన్ను లేపి ఆయనే కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు చేతకాదులే అనుకున్నాను. పక్కన కూర్చుని ఇన్నాళ్ళూ చూసింది ఊరికే పోలేదు, అన్నీ నేర్చుకున్నాడు. మొదట ఒక వైపు పట్టుకుని లాగాడు, ఆ మొహం అడ్డంగా సాగింది. అట్లా కాదని పైనుంచి లాగాడు, నిలువుగా సాగింది. చివరికి మూల దొరికింది. చెయ్యి అడ్డమొస్తోందని ఆ గాజుల చేతిని కత్తిరించేశాడు. మధ్యలో పెడితే బాగుంటాదా పైన పెడితే బాగుంటాదా అని నన్నే అడిగాడు. మధ్యలోనే పెట్టి, చుట్టూ నల్ల గీత వేసి, కింద అనంతపురం రైతు అని టైపు చేశాడు.

మెయిల్ పోవడం మొదలైంది. నేను ఫోను ఎత్తాను. లైను తెగింది. ఆయన ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద మోచెయ్యి ఆనించి, మళ్ళీ పంపాడు. అది పోయేదాకా అట్లాగే కూర్చున్నాడు, పసిబిడ్డను పెట్టుకున్నట్లు. ఫీల్డన్న ఎప్పుడు వెళ్ళిపోయాడో నేను చూడలేదు.

ఢిల్లీ మేడమ్ నుంచి జవాబు తొందరగానే వచ్చింది. చాలా శక్తిమంతంగా ఉందట, దాతలందరికీ పంపిందట, అందరూ కదిలిపోయారట, ఇట్లాంటివి ఇంకా పంపాలట. సార్ ఆ జవాబును ప్రింటు తీయించి గోడకు అంటించాడు. ఆ గదిలో అన్నం డబ్బా విప్పుకోవడం కూడా నాకు చేతకాలేదు, బయట మెట్ల మీద కూర్చుని తినేదాన్ని. ఆ రోజే ఉద్యోగం మానేసి ఉంటే ఆ తర్వాతది చూసేదాన్ని కాదు.

దినాలు అయిపోయాక చనిపోయినాయన భార్య ఆఫీసుకు వచ్చింది. ఫీల్డన్న వెంట, బస్సులో. సన్నగా, నలభై దగ్గరి మనిషి. ఏమీ ఇప్పించమని అడగలేదు. ఆ ఫోటో తీసేసినారా సార్, అది అడిగిపోదామని వచ్చినాను అంది. సార్ ఆమెకు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. కంప్యూటర్ దగ్గరికి పిలిచి, ఫోటో తెరవకుండా దాని పేరు మాత్రం చూపించి, ఇదేనమ్మా అన్నాడు. డిలీట్ నొక్కాడు. పేరు మాయమైంది. పోయిందమ్మా, ఇంక నిశ్చింతగా ఉండు అన్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టింది. మీ కడుపు చల్లగుండ అంది. ఆమె దీవిస్తున్నంతసేపూ ఆయన వెనక గోడ మీద ఆ ప్రింటు కాగితం ఉంది, ఆమెకు చదువు రాదు. ఫీల్డన్న నేల చూస్తున్నాడు. సార్ ఆ దండం అందుకున్నాడు, చేతులు జోడించి తిరిగి పెట్టాడు కూడా. మనిషిని చూస్తే అంత అసహ్యం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

నేను ఆమె వెంట గేటు దాకా వెళ్ళాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు తీసేసింది మా మిషన్లో ఉన్నదేనని, ఫోటో ముందే బయటి దేశాలవాళ్ళకు పోయిందని, పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి లేదని చెప్పాను. ఆమె ఫీల్డన్న వైపు చూసింది. ఆయన అవునని తలాడించాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగు సర్దుకుని నన్నే అడిగింది.

"చూసినోళ్ళు ఏమన్నారు పాపా?"

బాధపడినారు అక్కా అని ఊరుకోవచ్చు. ఆ గదిలో ఆమె విన్న అబద్ధం చాలనిపించింది. ఇంకా పంపమన్నారు అక్కా అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను తప్పుగా చెప్పానేమో అన్నట్లు చూసింది.

"ఇంకా అంటే?" అంది. "ఇంకెవుర్ని పంపల్లంట?"