మన్ను కవితకు హామీపత్రం

డెబ్బైల్లో పత్రికకు కవిత పంపడమంటే రాయడం కన్నా పెద్ద పని. కాగితానికి ఒకవైపే రాయాలి. ఎడమపక్క మార్జిన్ వదలాలి. స్టాంపులు అంటించిన తిరుగు కవరు జతచేయాలి. అన్నిటికన్నా ముఖ్యం హామీపత్రం: ఈ రచన నా సొంతమనీ, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదనీ రాసి సంతకం పెట్టాలి. అప్పుడు నేను విశాఖ పోర్టులో, ఓడల దగ్గర సరుకు లెక్క చూసే గుమాస్తాని. కవినన్న పొగరు దండిగా ఉండేది గానీ చేతిరాత మాత్రం కోడి గీకినట్టుండేది. అందుకని సాఫు రాసే పని మా ఆవిడకు అప్పజెప్పాను.

ఆమె దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. చర్చిలో పాటల కాగితాలన్నీ ఆమే రాసేది. మధ్యాహ్నం వంటపని ముగించి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చుని నా కవితలు ఎత్తిరాసేది. బాగుందని గానీ బాగోలేదని గానీ అనేది కాదు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకునేవాణ్ణి. పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. తిరుగు కవరు మీద చిరునామా కూడా ఆమే రాసేది కనుక, ఆ ముత్యాలే మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చిపడేవి. సంపాదకులకు రుచి తెలియదని నేను విసుక్కునేవాణ్ణి.

మా ఇల్లు పాత ఊళ్ళో, పోర్టుకి దగ్గర. ఇనుప ఖనిజం ఓడకెత్తే రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టలన్నీ ఎర్రబడేవి. ఒక ఆదివారం ఉదయం చర్చికి కట్టుకుందామని ఉంచుకున్న తెల్లచీరను ఆమె తీగమీంచి తీసింది. చీరంతా ఎర్ర దుమ్ము. నేనైతే పోర్టు మొత్తాన్ని తిట్టేవాణ్ణి. ఆమె మాత్రం చీర దులుపుతూ, "ఓడెక్కే మన్ను కూడా నాకు సెప్పి మరీ ఎళ్తంది సూడండి" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఆ మాట నా కవితకు చివరి పాదమైంది.

సాఫు రాస్తూ ఆ పాదం దగ్గర ఆమె కలం ఆగింది.

"ఇది నానన్న మాట కదేటి?"

"అన్నావు. కవిత చేసింది నేను కదా" అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

"మన్నయినా నాకు సెప్పి ఎళ్ళింది. మీరు సెప్పనేదు."

అంతే అంది. కవిత పూర్తిగా రాసింది. హామీపత్రం కూడా తనే రాసి, సంతకానికి చోటు వదిలి నా ముందు పెట్టింది. నేను పెట్టేశాను.

ఆ కవిత అచ్చయింది. చివరి పాదం మనసులో ఉండిపోయిందని సంపాదకుడు కార్డు రాశాడు. పోర్టులో ఆ కార్డు చూడని మనిషి లేడు. ఇంట్లో చూపిస్తే ఆమె చదివి, మడత పడకుండా బల్లమీద పెట్టింది.

తర్వాత కూడా నా కవితలు సాఫు రాస్తూనే ఉంది. నా ముందు మాట్లాడటమే తగ్గించింది. కుళాయి వచ్చిందనో, కూర అయిందనో చెప్పేది. మబ్బునో సముద్రాన్నో చూసి నోటిదాకా ఏదైనా వస్తే మాత్రం, నావైపు చూసి మింగేసేది. ఏమిటని అడిగితే "ఏటీ నేదండి" అనేది. అలా ఏళ్ళు గడిచాయి. ఆమె మాట ఇక నా చెవిన పడదేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది. కవితల కోసం కాదు. సరే, కొంచెం కవితల కోసం కూడా.

ఎనభైల మధ్యలో విజయవాడ ప్రచురణకర్త ఒకాయన పుస్తకం వేస్తాను, కవితలన్నీ పంపమన్నాడు. ద్వారకా నగర్ వెళ్ళి మంచి కాగితాలు కొనుక్కొచ్చాను. ఆమె వారం రోజులు కూర్చుని రాసింది. కట్ట కట్టబోతూ వరస చూసింది.

"మన్ను కవిత ఏదండి?"

"అది నీది. ఆరోజు నేను చేసింది తప్పు. అందుకే తీసేశాను."

ఈ మూడు ముక్కలూ అనడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. ఆమె కలానికి మూత పెట్టి నావైపు చూసింది.

"నాదయితే, తీసెయ్యడానికి మీరెవరండి?"

సొరుగులోంచి ఆ కవిత తెచ్చిచ్చాను. దాన్ని కట్టలో దాని చోట పెట్టి, హామీపత్రం రాయడం మొదలుపెట్టింది. ఇందులో ఒక కవితకు చివరి పాదం తనదనీ, మిగతావన్నీ తన భర్త సొంతమనీ రాసి, కింద సంతకం చేసింది. ఆ కిందే నాకు చోటు వదిలింది. ఇలాంటి హామీపత్రం చూసి ప్రచురణకర్త కట్ట మొత్తం తిప్పి పంపుతాడేమోననిపించింది. అయినా సంతకం పెట్టాను.

అన్నం మెతుకులు మెదిపి కవరు అంటిస్తున్నాను. ఆమె కిటికీలోంచి తీగమీది నా చొక్కాలకేసి చూస్తూ, "ఈ గాలి బట్టలారబెట్టడానికి రానేదండి, జేబులెతకడానికొచ్చినట్టుంది" అంది.

నా చెయ్యి దానంతటదే కలం మీదికి వెళ్ళింది. అక్కడే ఆపుకున్నాను.

"రాసుకోనా?" అని అడిగాను.

"ఆలోసించి సెప్తాను" అంది.