వకుళ మేడం నేర్పిన లేవడం

పొద్దున్నే చాప విప్పితే ఎండుటాకు వాసన వస్తుంది. ఈతచాప పాతబడేకొద్దీ ఆ వాసన పోవాలి, నా చాపకు మాత్రం పోలేదు. అది ముక్కుకు తగలగానే తిరుపతిలో మా వీధి చివరి బడి మైదానం, మెడలో ఈల వేసుకుని నిలబడ్డ వకుళ మేడం కళ్ల ముందుకొస్తారు. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా రిటైరైన మనిషి. తనకు డెబ్బై దాటాక, నలభైల్లో, యాభైల్లో ఉన్న మాలాంటి ఆడవాళ్లను పోగుచేసి తెల్లవారుతూనే వ్యాయామం చేయించేవారు. ముసలితనానికి అది రాకముందే తయారవ్వాలని ఆమె పట్టు.

నేను ఆ మైదానానికి సరదాకి పోలేదు, భయపడి పోయాను. మా అమ్మ పాకాలలో అన్న దగ్గర ఉంటుంది. ఇంట్లోవాళ్లంతా బంగారుపాళ్యంలో నిశ్చితార్థానికి వెళ్లిన రోజు సాయంత్రం వంటింట్లో జారి పడింది. ఎముకేమీ విరగలేదు, కానీ లేవడం చేతకాలేదు. మరునాడు పొద్దున పాలాయన వచ్చి తలుపు కొట్టేదాకా ఆ నేల మీదే ఉండిపోయింది. "నేను పిలిస్తే ఆయప్పకు ఇనపడింది, అంతే నా అదృష్టం" అని అమ్మ చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అప్పటికే నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నా గతీ ఇంతేనా అన్న దిగులు పట్టుకుంది.

మొదటి రోజు మేడం అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నారు. నేను మోకాలు పట్టుకున్నాను, అది చాలక పక్కావిడ భుజం పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కూలబడ్డాం.

"ఏమ్మే, నేల మీద కూసోని ఎన్నాళ్లయిండాది?" అన్నారు మేడం.

"ఇంట్లో అన్నిటికీ కుర్చీలే మేడం. పూజ దగ్గర కూడా స్టూలే."

"నేలను నువ్వు వదిలేస్తివి. అది నిన్ను వదలదు గదా. ఎప్పుడో ఒగనాడు పిలస్తాది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేక అమ్మ సంగతి చెప్పాను. ఆమె అయ్యో అనలేదు. "రేపట్నించి పడిపోయినోళ్లు లేసేది నేర్పిస్తా" అన్నారు.

అన్నట్టే నేర్పారు. ఒంటికాలి మీద నిలబడటం, నీళ్ల బిందె ఎత్తి నడవడం అయ్యాక, రోజూ ఆఖరున అందరం చాపల మీద వెల్లకిలా పడుకునేవాళ్లం. చుట్టూ నడిచే మగవాళ్లు చూస్తున్నారని మేము కొంగులు సర్దుకుంటుంటే, "సూడనీండి, వాళ్లూ నేర్సుకుంటారు" అనేవారు. ముందు కాళ్లూ చేతులూ కదిపి చూసుకోవాలి. నొప్పి లేని వైపుకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి రావాలి. పాకుతూ గట్టి ఆసరా చేరి, ఒక పాదం ఆనించి నిలబడాలి. వీటన్నిటికంటే ముందు ఆమె చెప్పే మాట ఒకటుంది: "తొందరేం లేదు."

ఒకసారి రాత్రంతా వాన కురిసి తెల్లవారింది. మాకు ఏదో చూపించబోతూ మేడమే బురదలో జారి పడ్డారు. అందరం పరిగెత్తాం. ఆమె ఎడమ అరచెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపారు.

"ఎవురూ పట్టుకోవద్దు. సూడండి."

కాసేపు అలాగే పడుకున్నారు. కాళ్లు కదిపారు. "ఈ కుడిచెయ్యి పన్జెయ్యదు. అందుకని ఎడమ పక్కకు తిరగతా ఉండా" అన్నారు, పాఠం చెప్పే గొంతుతోనే. కుడిచేతిని పొట్టకు అదుముకుని, చీరంతా బురదతో, జెండా దిమ్మె దాకా మోకాళ్ల మీద పాకారు. దిమ్మె మీద ఎడమచెయ్యి వేసి, పాదం ఆనించి, నిదానంగా లేచి నిలబడ్డారు. నేను చేతులు జోడించి నిలబడ్డానని పక్కావిడ తరవాత చెప్పింది, నాకు తెలియనే తెలియదు.

"సూసినారు గదా," అన్నారు మేడం. "ఇంగ ఎవురన్నా ఆటో పిలవండి. చెయ్యి ఇరిగినట్టుండాది."

మేడం ఇప్పుడు లేరు. పోయిన వానాకాలం ఒక తెల్లవారుజామున, మా ఆయన పనిమీద శ్రీకాళహస్తికి పోయి ఉండగా, నేను వంటింట్లో జారి పడ్డాను. పైకప్పు చూస్తూ మొదట తలుచుకున్నది దేవుణ్ని కాదు. తొందరేం లేదు, తొందరేం లేదు అని పైకే అనుకున్నాను. కాళ్లు కదిపాను. ఒత్తిగిలాను. గ్యాసు గట్టు దాకా పాకాను. ఇంతలో పాలాయన తలుపు కొట్టాడు.

"ఏందమ్మా, ఇంత ఆలస్యం?" అన్నాడు, నేను గిన్నె తీసుకుని తలుపు తీస్తే.

"కింద పడినానప్పా. లేసి వస్తిని."

సాయంత్రం పాకాలకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. ఎక్కడ తగిలిందో, ఎంత నొప్పో అడుగుతుందనుకున్నాను.

"పాలాయనకు తలుపు నువ్వే తీసినావా?" అంది.

"తీసినానమ్మా."

"నువ్వే తీసినావా?" అని మళ్లీ అడిగింది. అమ్మ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ, తీసినానమ్మా అనే చెప్పాను.