అమ్మ కళ్ళకు సుర్మా

2012లో గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లో కిరాయికి ఉన్నాను. కింది వాటాలో ఇంటి ఓనరు, ఒక ముస్లిం పెద్దావిడ, ఒక్కతే ఉండేది. అందరం దాదీ అనేవాళ్ళం. హజ్‌కు పోయినప్పుడు తెచ్చుకున్న నల్లరాయిని చిన్న రోట్లో గులాబ్ నీళ్ళు పోస్తూ రోజుల తరబడి నూరేది. వేళ్ళ మధ్య గరగరమంటే మళ్ళీ మొదటికే. ఎండాక పల్చటి బట్టలో జల్లించి ఇత్తడి బుడ్డిలో పోసేది. అదే సుర్మా. కాటుకలా వేలితో పెట్టరు. సన్నటి పుల్లను అందులో ముంచి, రెప్పలు మూసి, మధ్యలోంచి లాగుతారు. మొదటిసారి నేను వేలితో రుద్దుకుని ఎలుగుబంటిలా తయారైతే దాదీ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఎండాకాలం అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. బొట్టు, కాటుక, పూలు దినాల నాడే తీయించారు. కాటుక లేని ఆ ముఖం నాకు అలవాటు కాలేదు, చేసుకోవాలనీ అనిపించలేదు. ఎంత పోట్లాడినా "లోకం ఏమంటది బిడ్డా" అనేది. ఆ లోకం మా ఇంటికి ఒక్కనాడూ బియ్యం పంపింది లేదు.

దాదీ కళ్ళు చూసి అమ్మ, మొగుడున్న మనిషే అనుకుంది.

"మీ సారు ఏడికి పోయిండక్కా?"

"అల్లా దగ్గరికి. పదేండ్లయింది."

అమ్మ నాలుక కరుచుకుంది. చూపు మాత్రం తిప్పుకోలేదు. "మరి కండ్లకు?"

"నాలుగు నెలల పది దినాలు పెట్టలే. మా దాంట్ల గంతే. తర్వాత పెట్టిన. ఆయన పోయిండు గని, నా కండ్లు పోలే కద."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నేను నోరు విప్పితే అమ్మ బిగుసుకుపోతుందని ఊరుకున్నాను.

చాయ్ తాగడం అయ్యాక అమ్మే ముందుకు జరిగింది. "జర నాకు గూడ పెట్టు."

దాదీ పుల్ల లాగగానే నీళ్ళు ధారగా కారాయి. "సుర్మా మండుతది, కారనియ్యి" అంది దాదీ. ఎంత మండినా సుర్మా అంతసేపు ఏడిపించదు. నాన్న పోయిన నాడు కూడా అమ్మ అలా ఏడవలేదు. నాకూ ఏడుపొచ్చింది.

దాదీ చిన్న పొట్లం కట్టిచ్చింది. సాయంత్రం నారాయణగూడ బస్టాపులో అమ్మ కొంగుతో కళ్ళు తుడిచేసుకుంటుందేమోనని చూస్తూనే ఉన్నాను. తుడుచుకోలేదు.

"ఊర్ల అడిగితే ఏం చెప్తవమ్మా?"

"కండ్ల మందని చెప్త" అంది. బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "రోజూ ఏసుకోమన్నరని చెప్త!"