చదివి వినిపించారు

నా బొటనవేలికి అంటిన సిరా ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటేనే పోయింది. దానితో పాటు అంటుకున్నది ఇంకొకటుంది. అది పోలేదు. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. పాస్టరు గారికి చెబుదామని రెండుసార్లు చర్చి మెట్ల దాకా వెళ్ళాను. ఆయన బాగున్నావా అని అడగగానే మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పి వెనక్కి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పటికి ఊరి పేరింకా మద్రాసే. తిరువొత్తియూరు వైపు ఒక చిన్న నర్సింగ్ హోములో ఆయాగా చేసేదాన్ని. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. నలభై మూడేళ్ళ వయసులో, మా చర్చి వెనక గదిలో ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఏడెనిమిది మంది ఆడవాళ్ళం, ఒళ్ళో పలకలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి పాటల పుస్తకం కూడబలుక్కుని చదివేదాన్ని. కానీ ఆ ఊళ్ళో బయట తెలుగు ఎక్కడుంటుంది? బస్సు మీద అరవం, కొట్టు మీద అరవం, రేషన్ కార్డు మీద అరవం. ఎక్కడైనా ఒక తెలుగు ముక్క కనబడితే నా కళ్ళు నన్నడక్కుండానే దాని వెంట పోయేవి.

నాకు చదువు వచ్చిందని నర్సింగ్ హోములో ఎవరికీ చెప్పలేదు. మొదట సిగ్గు వల్ల. సిస్టర్లు నవ్వుతారని. తర్వాత వేరే కారణం వచ్చింది. అక్కడి మేనేజరు బిల్లుల కాగితాల మీద సాక్షిగా నా వేలిముద్ర వేయించుకునేవాడు. చదవలేని మనిషి కాబట్టే నన్ను పిలిచేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు. సాక్షికి పిలిచే ఆయాకి కక్కూసులు కడిగే పని తప్పేది.

మునెయ్య ఒక ఫ్యాక్టరీలో మూటలెత్తే మనిషి. వాళ్ళూ మా మాదిరే ఎన్నో తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు. వరిబీజం దిగి, నడవడానికే అవస్థపడుతూ వచ్చాడు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఆ వారం రాలేదు. చిన్న డాక్టరు సూది గుచ్చి నీళ్ళు లాగేశాడు. ట్రే పట్టుకున్నది నేనే. పావుగంట పని. గుడ్డ బిగించి కట్టి, మళ్ళీ నీరు చేరితే అప్పుడు ఆపరేషన్ చేద్దామని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

ఆ ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన పట్టీ ఒకటి మేనేజరు బల్ల మీద అద్దం కింద ఉండేది. ఒక్కో వైద్యానికి ఒక్కో నంబరు, ఆ నంబరును బట్టే కంపెనీ మాకు డబ్బు కట్టేది. నీళ్ళు తీయడానికి ఒకటి, ఆపరేషన్‌కి ఇంకొకటి. మేనేజరు బిల్లు మీద రెండో నంబరు వేసి, మూడు రోజులు మంచం కూడా రాశాడు. ఆ మంచం మీద దుప్పటి కూడా నలగలేదు. ఆపరేషన్ బిల్లుకి రోగి ఒప్పుకున్నట్టు కాగితం జతచేయాలి. ఆ ఫ్యాక్టరీలో తెలుగు కూలీలు ఎక్కువ కాబట్టి, అది తెలుగులో అచ్చువేసినదే ఉండేది.

"ఏయ్ కైనాట్టు, ఇటు రా. నీ బంగారు వేలు కావాలి" అని పిలిచాడు మేనేజరు. కైనాట్టు అంటే అరవంలో వేలిముద్రగాళ్ళని ఎగతాళి చేసే మాట.

కాగితం నా చేతికిచ్చి, మునెయ్య చేత ముద్ర వేయించుకు రమ్మన్నాడు. మునెయ్య ఇంకా లోపల, సూది గుచ్చిన బల్ల మీద పడుకునే ఉన్నాడు. వరండా దాటేలోపే నా కళ్ళు చదివేశాయి. పాటల పుస్తకం బయట నేను పూర్తిగా చదివిన మొదటి కాగితం అదే. చదవగలిగానని సంతోషం కలిగింది. ఆ సంగతి కూడా చెప్పాలి. ముందు సంతోషం కలిగింది. అందులో ఏముందో ఆ తర్వాత తెలిసింది.

"అంతా అయిపోయినాక ఇంకేం కాగితమక్కా?" అన్నాడు మునెయ్య.

"అడిగినారు. యెయ్యి."

"నువ్వు మనోళ్ళ మాదిరి మాట్లాడతావే. ఈడ నా బాసలో మాట్లాడేది నువ్వొక్కదానివే. ఏం రాసుండారో సెప్పు. మా ఆడదడిగితే సెప్పాల గదా."

"నీళ్ళు తీసినామని రాసుండారు."

"ఇంత పొడుగు రాయాల్నా, రొండు లోటాల నీళ్ళకి?" అని నవ్వి, వేలు చాపాడు.

నేనే ఆ వేలికి సిరా పూశాను. నేనే కాగితం మీద అదిమాను. దాని కింద నా వేలు అదిమాను.

ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. కంపెనీ సొమ్ము కదా, మునెయ్యది కాదు కదా, అతనికి పోయేదేముంది అనుకున్నాను. అది నిజమే, అలాగే అనుకున్నాను. కానీ అతనికి నష్టమని తెలిసి ఉంటే చెప్పేదాన్నా? మళ్ళీ చీపురూ ఫినాయిలూ పట్టుకుని కక్కూసుల్లోకి పోవడానికి సిద్ధపడేదాన్నా? ఈ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు మంచిది కాదు. ఎందుకంటే తర్వాత తెలిసింది. తెలిసినప్పుడూ చెప్పలేదు.

ఎనిమిది నెలలకి నీరు మళ్ళీ చేరింది, ముందుకంటే ఎక్కువగా. ఆపరేషన్ కోసం మునెయ్య కంపెనీని అడిగితే, నీకు ఆపరేషన్ అయిపోయింది, ఆ నంబరుకి ఒక మనిషికి ఒక్కసారే ఇస్తామన్నారు. జబ్బు సెలవు కూడా లేదన్నారు. అతను గొడవపడితే, విచారించడానికి కంపెనీ నుంచి ఒకాయన మునెయ్యని వెంటబెట్టుకుని మా నర్సింగ్ హోముకి వచ్చాడు. ఆపరేషన్ చేసినా కొందరికి మళ్ళీ నీరు చేరుతుందని మేనేజరు చెప్పాడు. "కోసిన గాటు ఏడుందో సూడండి సార్" అని మునెయ్య పంచె మీద చెయ్యి వేశాడు. ఆ పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు. తన పని కాగితాలు చూడడమే, ఇవన్నీ కాదన్నాడు. తర్వాత సాక్షిని పిలిపించాడు.

నేను వెళ్ళి నిలబడ్డాను. ఈ కాగితంలో ఏముందో నీకు తెలుసా అని అరవంలో అడిగాడు. కాగితం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అక్షరాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మేనేజరు తన పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"నాకు సదువు రాదు సార్" అన్నాను.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చదువు వచ్చని చెప్పక్కర్లేదు, ట్రే పట్టుకున్నది నేనే, సూదే గుచ్చారు అంటే చాలు. అదీ అనలేదు. మౌనంగా ఉన్నా కొంత నయమేమో. నేను అబద్ధమే ఆడాను.

అప్పుడు మునెయ్య నన్ను వెనకేసుకొచ్చాడు. "ఆయమ్మనెందుకు సార్ నిలబెడతారు. ఆమెకేం తెలుసు పాపం. నా మాదిరి యేలిముద్ర మనిషి."

బయటికొచ్చాక ఎదురు కొట్టులో నాకు టీ ఇప్పించాడు. బెంచీ మీద కూర్చోలేక నిలబడే తాగాడు. "నువ్వు ఏడవబాకక్కా. నీ ఉద్యోగం పోదులే" అన్నాడు. నేను ఉద్యోగం కోసం ఏడుస్తున్నానని అనుకున్నాడు. కాదని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

పెద్దాసుపత్రికి పోతే ఉచితంగానే చేసేవాళ్ళు. కానీ పది రోజులు పడుకోవాలి. సెలవు లేకుండా పది రోజులు పోతే పని పోతుంది. మూటలెత్తుతూనే నాలుగు నెలలు నెట్టుకొచ్చాడు. చివరికి మార్కెట్టు వెనక సూదులేసే ఒకడి దగ్గరికి వెళ్ళాడు. సూదితో లాగేస్తే పావుగంటలో అయిపోతుందని తను చూసినవాడే కదా. ఆ సూది శుభ్రమైనది కాదు. చీము పట్టి, జ్వరం తలకెక్కాక పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. ఐదో రోజు పోయాడు. ఆ సంగతి టీకొట్టతను గ్లాసులు కడుగుతూ చెప్పాడు. నేను టీ తాగి, డబ్బులిచ్చి, డ్యూటీకి వెళ్ళాను.

ఆ తర్వాత అక్షరాల క్లాసుకి పోలేదు. టీచరమ్మ ఇంటికే వచ్చి అడిగితే కళ్ళు కనబడడం లేదన్నాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ పలక పట్టాను. మునెయ్య భార్య రైల్వే స్టేషన్ గేటు దగ్గర ఇడ్లీలు అమ్మేది. నేను ఇంకో వైపు దిగి, పట్టాలు దాటి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆమె అక్కడ కనబడలేదు. ఎక్కడికి పోయిందో అడగలేదు. దారి దగ్గరైందని మాత్రం అనిపించింది. అలా అనిపించిన మనిషిని నేను.

ఆ కాగితంలో పేరూ ఊరూ తేదీ పోగా ఉన్నవి రెండు వాక్యాలే. నాకు కంఠతా వచ్చు. ఇక్కడ నా చేత్తో రాస్తున్నాను.

నా వరిబీజానికి ఆపరేషన్ చేయడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. ఇందులో ఉన్నదంతా నాకు చదివి వినిపించారు.

రాశాక పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటి కుక్కర్ కూసి ఆగాక, ఇంకోసారి చదివాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోయింది. అంతకంటే ఏమీ కాలేదు. మునెయ్యకి వినిపించాల్సింది మీకు వినిపించాను.