ఎల్డన్ బావ వంతు

మా ఎల్డన్ బావకు వంతుల దగ్గర ఉన్నంత పట్టింపు మా బిట్టర్‌రూట్ లోయలో ఇంకెవరికీ ఉండి ఉండదు. ఆపిల్ కేకు కోయాలంటే కత్తి ఆనించే ముందు తల వంచి, ఓ కన్ను మూసి చూసేవాడు. ముప్పై ఏళ్లు కలప మిల్లులో రంపాలకు పదును పెట్టిన కన్ను అది, వెంట్రుకవాసి తేడా కూడా పట్టేసేది. "తిండి దగ్గర కూడా కొలతలేనా మహానుభావా!" అని మా లోర్నా అక్క విసుక్కునేది. బావ నవ్వి, పెద్ద ముక్క ఆమె పళ్లెంలో వేసేవాడు. ఆయన చేసే అన్యాయం అదొక్కటే.

వాళ్ల పెళ్లయిన ఏడాది అక్టోబరులో నన్ను మొదటిసారి ఎల్క్ దుప్పుల వేటకు తీసుకెళ్లాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ఒళ్లంతా పొగరు. సామానంతా నేనే మోస్తానన్నాను. బావ వినలేదు. గ్యారేజీ దూలానికి వేలాడే త్రాసుకు నా మూట, తన మూట ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ముల్లు ఒకే గీత మీద నిలిచేదాకా అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. గుడారం కాన్వాసు నాకు. తను మిల్లులో ఇనుప రేకు వంచి చేసుకున్న పొయ్యి, దాని గొట్టం తనకు.

"ఖాళీ వీపుతో కొండెక్కేవాడు చుట్టంరా గ్లెన్. చుట్టాలతో వేట సాగదు" అన్నాడు.

ఓ ఏడు నా చెయ్యి విరిగి కట్టులో ఉన్నప్పుడు కూడా వదల్లేదు. కాఫీ కెటిలు, తాడు చుట్ట నా వీపుకు కట్టాడు. ఆరు మైళ్లు ఎక్కి మా వేట మకాం టామరాక్ గుంట చేరాక, ఆయన పొయ్యి నా గుడారంలో వెలిగితేనే మాకది ఇల్లు. ఇరవై ఎనిమిది సీజన్లు అలాగే గడిచాయి.

తర్వాత బావ ఊపిరితిత్తులు మొరాయించాయి. మిజూలా పట్నంలో డాక్టరు ఫొటోలు తీయించి చూసి, వీపు మీద ఇరవై పౌండ్లు దాటకూడదన్నాడు. రెండు సీజన్లు బావ వేటకు రాలేదు, నేనూ వెళ్లలేదు. అక్టోబరు వస్తే ఆయన వరండాలో కూర్చుని కొండ వైపే చూస్తుండేవాడు. ఇంకొక్కసారైనా ఆయన్ని టామరాక్ గుంటకు తీసుకెళ్లి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ చలికాలమంతా తేలిక గుడారం వెతకడం మీద పడ్డాను. మా పాత కాన్వాసు ఇరవై ఎనిమిది పౌండ్లు. ఆ బరువు మీద బావ సామాను కూడా ఎలా మోయగలను? అడుగున గుడ్డ ఉన్న నైలాన్ గుడారాలు తేలికే, కానీ వాటిలో పొయ్యి పెట్టలేం. తడి బూట్లు బయట విప్పి పాకుతూ లోపలికి దూరాలి. బావ మోకాళ్లతో అది కాని పని. చివరకు నేల లేని రకం మీద మనసు పడింది. మధ్యలో ఒకే కర్ర, చుట్టూ మేకులు, అంతే. బూట్లతో నడుచుకుంటూ లోపలికి రావచ్చు. మంచు కరిగితే మట్టే తాగేస్తుంది. నిప్పురవ్వ పడితే కాలడానికి కింద గుడ్డే లేదు. ఇద్దరికి సరిపోయేది కొనాలా, నలుగురికి సరిపోయేదా అని నెలరోజులు తన్నుకున్నాను. ఇద్దరి రకంలో బావ కాళ్లు చాపితే గుడ్డకు తగులుతాయి, ఊపిరి తేమంతా దుప్పటికి అంటుకుంటుంది. నలుగురి రకమే తెప్పించాను.

జూన్‌లో వాళ్ల పెరట్లో వేశాం. బావ చుట్టూ తిరిగి, అంచు ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"నేల ఏదిరా?"

"కొండ మీదుంది బావా. ఇక్కణ్ణించి మోసుకెళ్లక్కర్లేదు."

"మరి ఎలకలో?"

"అవీ అక్కడే ఉన్నాయి."

"బాగుంది. డబ్బు పోసి మీ అక్క గౌను కొనుక్కొచ్చావు."

"నా గౌన్లు దానికంటే దళసరిగా ఉంటాయి!" అని వంటింటి కిటికీలోంచి అక్క అరిచింది.

ఈ రకం గుడారానికి కుట్ల వెంట వాన కారుతుంది. జిగురు మనమే పూసుకోవాలి. ఆ పని బావ నా చేతిలోంచి లాక్కున్నాడు. సన్నటి కుంచెతో మూడు రోజులు ఒక్కో కుట్టుకూ పూశాడు. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. మూడో రోజు కుంచె తుడుచుకుంటూ "ఈసారి వస్తాను" అన్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. దానికి తోడు రెండు పౌండ్ల మడత పొయ్యి కూడా తెప్పిస్తున్నాను, కానీ ఆయన్ని ఆశ్చర్యపెడదామని దాని ఊసెత్తలేదు.

బయల్దేరడానికి ముందు రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. నా మూట అప్పటికే సిద్ధం. గుడారం, పొయ్యి, గొట్టం, గొడ్డలి, తిండి, అన్నీ అందులోనే సర్దేశాను. బావ గ్యారేజీలో త్రాసు తుడిచి పెట్టుకుని నాకోసం చూస్తున్నాడు. దాని కింద ఇనుప పొయ్యి, తుప్పు గీకి, నల్ల రంగు వేసి ఉంది.

"మూట తగిలించు" అన్నాడు.

"తూచేదేముంది బావా! అన్నీ నా వీపు మీదే. నువ్వు తుపాకీ, నీ పక్కబట్టలు తెచ్చుకుంటే చాలు." కొత్త పొయ్యి తీసి, అట్టముక్కలా విప్పి చూపించాను. "ఆ గుదిబండ ఇక ఇక్కడే పడుండనీ."

"మరి నా వంతు?"

"నీ వంతు కబుర్లు. చేతులూపుకుంటూ రా."

బావ నవ్వాడు. కొత్త పొయ్యిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మంచి పనితనం" అని నాకిచ్చేశాడు. ఆయన కళ్లలోకి చూసి ఉంటే నాకు తెలిసేది. నేను చూసింది త్రాసును. ఎన్ని పౌండ్లు తగ్గించానో అని లోలోపల భుజాలు చరుచుకుంటున్నాను.

మర్నాడు తెల్లవారేసరికి బావ చెప్పులతోనే వరండాలో నిలబడి ఉన్నాడు.

"మోకాలు పట్టేసిందిరా. నువ్వెళ్లు."

"ఒక్కరోజు ఆగుదాం."

"ఆగితే దుప్పులు కిందికి దిగిపోతాయి. వెళ్లు. గుడారం కారితే మాత్రం నన్ను తిట్టు."

బతిమాలాను. కోప్పడ్డాను. "ఇదంతా నీకోసమే కదా బావా కొన్నది!" అని కసురుకున్నాను కూడా.

"తెలుసురా" అన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లాను. రెండు రోజులు తడి మంచు కురిసింది, గుడారంలో చుక్క కారలేదు. ఎదురుగా ఖాళీ జాగా చూస్తూ వండుకున్నది తినబుద్ధి కాలేదు. దుప్పులు అరుస్తున్నా తుపాకీ ఎత్తలేదు. నాలుగో రోజు దిగి వచ్చేశాను.

తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. బావ క్షవరానికి ఊళ్లోకి వెళ్లాడు. అక్క కాఫీ పోసి, కూర్చోకుండా పొయ్యి దగ్గరే నిలబడింది.

"మోకాలు ఎలా ఉందక్కా?"

"మోకాలికేం రోగం? ఎండాకాలమంతా పొద్దున్నే ఆ ఇనుప పొయ్యి వీపుకు కట్టుకుని కాలవ గట్టు మీద నడిచాడు. మొదట్లో వంతెన దాకా కూడా పోలేకపోయాడు. సెప్టెంబరుకి మూడు మైళ్లు నడిచాడురా! పద్దెనిమిది పౌండ్లేగా, డాక్టరు మాట దాటలేదుగా అంటూ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నీకు చెప్పొద్దన్నాడు, కొండ మీద చూపిస్తాడట."

"నువ్వైనా చెప్పుండొచ్చుగా!"

"నువ్వడిగావా? నువ్వేం మోస్తావు బావా అని ఒక్కసారైనా అడిగావా?"

కాఫీ అలాగే వదిలేసి వచ్చేశాను. బావకు ముఖం చూపించడానికి వారం పట్టింది. నేను క్షమాపణ అడగబోతే, మంచు ఎంత పడిందని అడిగి మాట మార్చేశాడు.

ఆ చలికాలం బావ రెండుసార్లు ఆస్పత్రిలో పడ్డాడు. అయినా నేను ఆశ చంపుకోలేదు. ఆగస్టు వచ్చేసరికి కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. గుడారం, మడత పొయ్యి కలిపి ఏడు పౌండ్లు ఆయన పాత సంచిలో సర్ది తీసుకెళ్లాను.

"ఇది నీ వంతు బావా. ఇల్లు నీది, తిండి నాది. నువ్వు మోసుకొస్తేనే వేట. లేదంటే నేను ఆరుబయట తడిసి చస్తాను."

"చావు, మీ అక్కకు పీడ వదుల్తుంది" అన్నాడు. కానీ లేచి నిలబడ్డాడు. పట్టీలు బిగించబోతే నా చెయ్యి తోసేసి, తనే బిగించుకున్నాడు. పెరటి గేటు వైపు నడిచాడు. ఇరవై అడుగులు ఉంటుందేమో. గేటు చేరి, స్తంభం పట్టుకుని ఆగిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. ఎంతసేపటికీ ఊపిరి అందలేదు.

నేను పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాను. "బరువుందా బావా?" అన్నాను బుద్ధి లేకుండా.

తల అడ్డంగా ఊపాడు. ఊపిరి కాస్త నిలదొక్కుకున్నాక అన్నాడు, "పోయినేడైతే మోసేవాణ్ణిరా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కాళ్ల మీద పడి ఏడ్చేవాణ్ణి. మార్చిలో బావ పోయాడు. ఆయన కొండెక్కగలిగిన ఆఖరి ఏడును నా చేతులతో నేనే పోగొట్టాను.